మిద్దెపై సౌరఫలకములున్న యిల్లు కొనుట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పియున్నారు. ఈ రెండు పనులయందును మనుష్యుని ఓర్పు, చేతిలోని సొమ్ము, లోకానుభవము ఒక్కసారిగా పరీక్షకు వచ్చును. కట్టుటకు తీరిక లేనివారు కట్టిన యింటిని కొందురు. అది సుళువైన పని యని తోచును గాని, అందలి చిక్కులు అందును కలవు. గోడల బీటలు, బావిలోని నీరు, పత్రములలోని హద్దులు మున్నగువానిని పరీక్షించుట మన తాతముత్తాతల నాటినుండి వచ్చుచున్న అలవాటు. ఇటీవల యిండ్ల మీదికి ఒక క్రొత్త వస్తువు వచ్చి చేరినది. అదియే సూర్యరశ్మి నుండి విద్యుచ్ఛక్తిని పుట్టించు సౌరఫలకము. దీనినే జనులు సోలార్ ప్యానెలు అని పిలుచుచున్నారు.

హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కుమంది జీవితమంతయు కూడబెట్టిన ధనముతో ఒక్క యింటిని మాత్రమే కొనగలరు. అట్టివారితో అమ్మువాడు "మిద్దె మీద సోలారున్నది, కరెంటు బిల్లే రాదు" అని చెప్పి, ఆ మాట మీద లక్షయో, రెండు లక్షలో అధికముగా కోరిన యెడల ఏమి చేయవలయును? ఆ ఫలకముల మంచిచెడ్డల నెట్లు కనిపెట్టవలయును? ఏ యే కాగితములను అడుగవలయును? ఈ సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విశదపరచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఒక ముఖ్యవిషయమును మనసున నుంచుకొనవలయును. సౌరఫలకములున్న యింటిని కొనువాడు ఇంటితోపాటు రెండు వస్తువులను కొనుచున్నాడు. ఒకటి మిద్దె మీద కంటికి కనబడు యంత్రము. రెండవది విద్యుత్ కార్యాలయముతో పాత యజమాని చేసికొన్న ఒడంబడిక. యంత్రము చక్కగా నున్నను ఒడంబడిక మన పేరికి మారనిచో దాని లాభము మనకు చిక్కదు. ఒడంబడిక సరిగా నున్నను యంత్రము చెడినదైనచో మనకు మిగులునది కాగితమే. కావున రెండింటిని వేరువేరుగా పరీక్షింపవలయును.

యంత్రము పనిచేయు విధము

వెలుతురు సోకినప్పుడు కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని 1839వ సంవత్సరమున ఎడ్మండ్ బెకెరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఆ తరువాత నూటపదునైదేండ్లకు, అనగా 1954 ఏప్రిల్ 25వ తేదీన, అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన సౌరఘటమును లోకమునకు చూపిరి. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు దానిని నిర్మించిరి. తనపై పడిన వెలుతురులో నూటికి ఆరు పాళ్లను మాత్రమే అది విద్యుత్తుగా మార్చెను. నేడు ఇండ్లపై నమర్చు ఫలకములు నూటికి సుమారు ఇరువది పాళ్లను మార్చుచున్నవి.

ఫలకములో పుట్టునది ఒకే దిక్కున ప్రవహించు విద్యుత్తు. మన యింటి దీపములకు, పంకాలకు కావలసినది దిశ మార్చుకొనుచు ప్రవహించు విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చు పెట్టెకు ఇన్వర్టరు అని పేరు. సౌరవ్యవస్థకు ఫలకములు చేనివంటివైనచో ఇన్వర్టరు కళ్లము వంటిది. చేను పండినను కళ్లము చెడినచో గింజ యింటికి రాదు.

ఒక కిలోవాట్టు శక్తిగల ఫలకములకు మిద్దె మీద సుమారు పది చదరపు మీటర్ల చోటు కావలయును. మన దేశమున అట్టి ఒక కిలోవాట్టు వ్యవస్థ మంచి యెండ కాయు ప్రదేశమున సగటున దినమునకు నాలుగు యూనిట్ల విద్యుత్తు నిచ్చును. మబ్బు పట్టిన దినములలో తగ్గును, వేసవిలో హెచ్చును. వేడి పెరిగిన కొలది ఫలకము శక్తి కొంత తగ్గునను సంగతి పలువురకు ఆశ్చర్యము కలిగింపవచ్చును. ఫలకమునకు కావలసినది వెలుతురు గాని వేడి కాదు. అందుచేతనే ఫలకముల క్రింద గాలి ఆడునట్లు వానిని మిద్దెకు కొంత ఎత్తుగా నిలుపుదురు.

"సోలారున్నది" అను మాటకు అర్థము

మూడు వేరువేరు వస్తువులను జనులు "సోలారు" అను ఒక్క పేరుతోనే పిలుచుచున్నారు. ఏది మిద్దె మీద నున్నదో మొదట తెలిసికొనవలయును.

మొదటిది నీళ్లు కాచు సౌరయంత్రము. గాజు గొట్టములో, నల్లని పలకయో, దానిపై గుండ్రని నీళ్ల తొట్టియో కనబడినచో అది ఇదియే యని గ్రహింపవచ్చును. ఇది స్నానమునకు వేడినీళ్లిచ్చును గాని ఒక్క దీపమునైనను వెలిగింపదు. రెండవది బ్యాటరీలతో గూడిన వ్యవస్థ. ఇది పగటి విద్యుత్తును దాచి రాత్రి యిచ్చును. అయితే సీసము, ఆమ్లముతో చేసిన బ్యాటరీలు కొలది సంవత్సరములకే అరిగిపోవును. వాని వయస్సును తప్పక అడుగవలయును. మూడవది విద్యుత్ కార్యాలయము వారి తీగలతో కలిసి పనిచేయు వ్యవస్థ. పగలు మిగిలిన విద్యుత్తును ఇది తీగలలోనికి పంపును. రాత్రికి కావలసినది ఆ తీగల నుండియే వచ్చును. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పుచున్నది ఈ మూడవదానిని గురించియే.

ఈ మూడవ రకమునందు ఒక విశేషము కలదు. వీధిలో కరెంటు పోయినప్పుడు, బ్యాటరీ లేని వ్యవస్థ మండుటెండలో సైతము ఆగిపోవును. ఇది లోపము కాదు, రక్షణకై చేసిన ఏర్పాటు. తీగలను బాగుచేయు కార్మికుడు కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కినప్పుడు మన మిద్దె నుండి విద్యుత్తు ప్రవహించినచో అతని ప్రాణమునకే ముప్పు వాటిల్లును. కావున "కరెంటు పోయినను మీ యింట దీపములు వెలుగును" అని అమ్మువాడు చెప్పినచో, బ్యాటరీ ఎక్కడ నున్నదో చూపుమని మర్యాదగా అడుగవలయును.

మిద్దె ఎక్కి చూడవలసినవి

ఇంటిని సాయంకాలము చల్లని వేళ చూచుట వాడుక. సౌరఫలకములున్న యింటిని మాత్రము మబ్బులేని దినమున మిట్టమధ్యాహ్నము చూడవలయును. ఆ సమయమున ఇన్వర్టరుపై ఎంత శక్తి వచ్చుచున్నదో అంకెలలో కనబడును. మూడు కిలోవాట్ల వ్యవస్థ యని చెప్పినచోట మంచి యెండలో ఒక కిలోవాట్టు మాత్రమే కనబడినచో ఎక్కడనో లోపమున్నదని తెలియును. వేడిచేతను, దుమ్ముచేతను కొంత తరుగుట సహజము. మూడింట రెండు పాళ్లు తరుగుట సహజము కాదు.

తరువాత ఫలకములను ఒక్కొక్కదానిని చూడవలయును. గాజు పగిలినదా? లోపలి పొర పసుపుగా మారినదా? ఎక్కడనైన కాలిన మచ్చ కలదా? కొబ్బరిచెట్టు ప్రక్కన నున్నచో కాయలు రాలి గాజు పగులుట కలదు. ఫలకము వెనుక అంటించిన చీటిపై దాని శక్తి, తయారుచేసినవారి పేరు, క్రమసంఖ్య ఉండును. సిలికాను ఫలకములకు భారతీయ ప్రమాణసంస్థవారు ఏర్పరచిన ప్రమాణము ఐ.ఎస్. 14286. ఆ గుర్తు ఉన్నదేమో చూడవచ్చును. నిలువు కమ్ములు తుప్పుపట్టినవా, తీగలపై తొడుగు ఎండకు చీలినదా, భూమిలోనికి దిగిన ఎర్తు తీగ తెగిపోయినదా యని పరిశీలింపవలయును.

మిద్దెను కూడ మరువరాదు. ఫలకముల కాళ్లను బిగించుటకు కప్పులో రంధ్రములు వేసియున్నచో వాని చుట్టు నీరు దిగు అవకాశము కలదు. మిద్దె మీద చూచిన తరువాత క్రిందికి దిగి, సరిగా ఆ చోటు క్రింద నున్న గదిలో కప్పుపై చెమ్మ మరకలున్నవేమో చూడవలయును. కప్పుకు మరమ్మతు చేయవలసివచ్చినచో ముందు ఫలకములను విప్పి, పని ముగిసిన పిమ్మట మరల బిగింపవలయును. ఆ ఖర్చు కూడ లెక్కలోనికి వచ్చును.

ఇచ్చట పిల్లలకొక హెచ్చరిక. ఎనిమిదో పదియో ఫలకములను వరుసగా కలిపినప్పుడు వాని తీగలలో మూడువందల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును. ఇంటిలోని మీటలను ఆపినను, ఎండ ఉన్నంతవరకు ఫలకములలో విద్యుత్తు పుట్టుచునే యుండును. కావున చూపుతో పరీక్షింపుడు, చేతితో ముట్టకుడు. తీగలను పరీక్షించు పనిని అనుభవముగల ఎలక్ట్రీషియనుకు విడువవలయును.

నీడ యను శత్రువు

ఫలకములోని ఘటములు ఒకదానివెంట నొకటిగా కూర్చబడి యుండును. కాలువలో ఒకచోట మన్ను పడినచో దిగువనున్న చేలన్నిటికిని నీరు తగ్గును గదా! అట్లే ఒక మూల పడిన నీడ ఆ వరుస ఇచ్చు విద్యుత్తునంతటిని తగ్గింపగలదు. ఈ నష్టమును కొంత తప్పించుటకు ఫలకము వెనుక ప్రక్కకాలువల వంటి చిన్న సాధనములను అమర్చియుందురు. అయినను నీడ నీడయే.

హోసూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 12.7 డిగ్రీల అక్షాంశమున నున్నది. కావున సంవత్సరమున రెండుమార్లు, అనగా ఏప్రిల్ చివరి వారమునను, ఆగస్టు మూడవ వారమునను, మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెండింటి నడుమ కాలమున సూర్యుడు కొంచెము ఉత్తరముగా నుండును. మిగిలిన మాసములన్నిట దక్షిణముగా నుండును. అందుచేతనే ఫలకములను దక్షిణదిశకు కొంచెము వాల్చి అమర్చుదురు. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నసూర్యుని ఎత్తు మనకు సుమారు 54 డిగ్రీలు మాత్రమే. అప్పుడు ఫలకముల మట్టమునకు పదడుగులు మించిన గోడ దక్షిణమున నున్నచో దాని నీడ మధ్యాహ్నమునకే ఏడడుగుల పైచిలుకు సాగును. ఉదయము, సాయంకాలము మరింత సాగును. త్రికోణమితి చదువు పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూచుకొనవచ్చును.

ఇందువలన తేలినదేమనగా, నేటి నీడను మాత్రము చూచినచో చాలదు. రేపటి నీడను కూడ ఊహింపవలయును. పరిశ్రమలతో పెరుగుచున్న హోసూరు వంటి పట్టణములో దక్షిణమున ఖాళీస్థలమున్నచో అక్కడ మూడంతస్తుల మేడ లేవవచ్చును. పొరుగువాడు తన స్థలములో నియమానుసారముగా కట్టుకొనుచుండగా మన ఫలకముల కొరకు అతనిని ఆపగలమని ఆశపడరాదు. ఖాళీస్థలము ప్రక్కన నున్న ఫలకములకు వెల కట్టునప్పుడు ఈ సంగతిని తలచుకొనవలయును.

మీటరు మాటలాడు భాష

సౌరవ్యవస్థ గల యింటిలో విద్యుత్తు రెండు దిక్కుల ప్రవహించును గనుక మీటరు కూడ రెండు లెక్కలను చూపును. తీగల నుండి ఇంటిలోనికి వచ్చినది దిగుమతి. ఇంటి నుండి తీగలలోనికి పోయినది ఎగుమతి. తమిళమున వీనినే ఇరక్కుమది, ఏట్రుమది అందురు. రెండు భాషల మాటలు అన్నదమ్ముల వలె నున్నవి గనుక మన పిల్లలకు గుర్తుంచుకొనుట కష్టము కాదు.

ఒక లెక్కను చూతము. రెండు మాసములలో ఒక మిద్దె మీద 680 యూనిట్లు పుట్టినవనుకొందము. అందులో 250 యూనిట్లను ఆ యింటివారు పగలే వాడుకొనిరి. మిగిలిన 430 యూనిట్లు తీగలలోనికి పోయినవి. రాత్రివేళ 310 యూనిట్లు తీగల నుండి వచ్చినవి. అప్పుడు మీటరులో ఎగుమతి 430, దిగుమతి 310 అని కనబడును. నెట్ మీటరింగు పద్ధతిలో ఒకదాని నుండి మరియొకదానిని తీసివేయగా 120 యూనిట్లు ఇంటివారి ఖాతాలో నిలువయుండును. కాని ఆ యింటి నిజమైన వాడకమెంత? పగలు వాడిన 250, రాత్రి వచ్చిన 310 కలిపి 560 యూనిట్లు. ఈ సంఖ్య మీటరులో ఎచ్చటను సూటిగా కనబడదు. దానిని మనమే కూడి తెలిసికొనవలయును.

"బిల్లు సున్న" అను మాటను ఒక్క బిల్లుతో నమ్మరాదు. వేసవియు, వానకాలమును, చలికాలమును కలిసిన పండ్రెండు మాసముల బిల్లులను అడుగవలయును. మన రాష్ట్రమున రెండు మాసముల కొకమారు బిల్లు వచ్చు పద్ధతి ననుసరించినచో అవి ఆరు మాత్రమే. మంచి మనస్సుతో అమ్మువాడు ఆరు కాగితములను చూపుటకు వెనుదీయడు. ఇల్లు కొంతకాలము ఖాళీగా పడియున్నచో వాడకము లేకయే బిల్లు తగ్గియుండును. దానిని ఫలకముల మహిమ యని భ్రమపడరాదు.

ఒడంబడిక ఎవరి పేర నున్నది?

కరెంటు కనెక్షను ఎవరి పేర నున్నదో, నెట్ మీటరింగు ఒడంబడికయు వారి పేరనే యుండును. మన ప్రాంతమున ఈ.బి. ఆఫీసు అని పిలువబడు విద్యుత్ కార్యాలయమునకు పోయి, కనెక్షను పేరు మార్చుకొనునప్పుడే ఒడంబడికను కూడ మన పేరికి మార్చుమని వ్రాతమూలకముగా కోరవలయును. అర్జీ అందినట్లు రసీదు తీసికొనవలయును. వ్యవస్థను అనుమతితో కలిపిరనుటకు సాక్ష్యమగు కాగితమును అమ్మువాని వద్ద చూడవలయును. అనుమతి లేకుండ పెట్టిన ఫలకములు కొన్నచోట్ల ఉండవచ్చును. అట్టివానిని కొనుట తగవును కొనుటయే.

ఒడంబడిక ఏ తేదీన జరిగినదో చూచుట మిక్కిలి అవసరము. తమిళనాడు విద్యుత్ నియంత్రణ సంఘమువారు 2013లో నెట్ మీటరింగునకు ఉత్తరువు ఇచ్చిరి. 2019లో పద్ధతిని మార్చి, ఎగుమతియైన విద్యుత్తునకు వేరుగా వెల కట్టు విధానమును తెచ్చిరి. 2021లో గృహములకు మరల నెట్ మీటరింగును అనుమతించిరి. కావున ఒకే వీధిలోని రెండిండ్లకు రెండు విధములైన నిబంధనలుండుట సాధ్యము. సంవత్సరాంతమున మిగిలిన యూనిట్లు ఏమగును, వానికి సొమ్ము వచ్చునా అను విషయములను ఆ యింటి ఒడంబడికలోనే చదువవలయును. పొరుగింటివారి మాటను ప్రమాణముగా గొనరాదు.

ఫలకములు నిజముగా అమ్మువానివేనా యని కూడ విచారింపవలయును. కొందరు బ్యాంకు అప్పుతో పెట్టింతురు. ఇల్లు తాకట్టు పెట్టిన అప్పు రిజిస్ట్రారు కచ్చేరిలో దొరకు విల్లంగ సర్టిఫికెట్టులో కనబడును. ఫలకముల కొరకు మాత్రమే తీసికొన్న చిన్న అప్పు అందులో కనబడకపోవచ్చును. కావున అప్పు తీరినట్లు బ్యాంకువారిచ్చిన ఉత్తరమును వేరుగా అడుగవలయును. ఇంకొందరి మిద్దెల మీద ఫలకములు వేరొక కంపెనీవారివై యుండును. ఇంటివారు వాడిన విద్యుత్తునకు ఆ కంపెనీకి సొమ్ము చెల్లించు ఏర్పాటది. అట్టిచోట మనము కొనునది ఫలకములను గాదు, నెలనెలా చెల్లింపవలసిన బాధ్యతను.

అంతస్తుల భవనములో ఒక్క వాటాను కొనువారు మరియొక ప్రశ్నను వేసికొనవలయును. అట్టి భవనముపై మిద్దె సామాన్యముగా అందరి సొత్తు. అక్కడ ఒకరి ఫలకములుండుటకు మిగిలినవారు సమ్మతించినట్లు వ్రాత యున్నదా యని చూడవలయును.

చట్టము చెప్పునది

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములోని 8వ సెక్షను ప్రకారము, వేరొక ఉద్దేశము తెలుపబడని యెడల, ఇల్లు అమ్ముడైనప్పుడు దాని తాళములు, తాళపుచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఆ యింటితో శాశ్వతముగా వాడుటకై ఏర్పరచిన ఇతర వస్తువులు కొనువానికి చెందును. ఆ చట్టము వ్రాసిన నాటికి సౌరఫలకము లోకములో లేదు గనుక దాని పేరు అందుండు అవకాశము లేదు. ఫలకములు శాశ్వతముగా ఏర్పరచినవేనా, విప్పి తీసికొనిపోదగినవా అను వాదమునకు తావీయకుండుట మేలు. అందుకొక్కటే ఉపాయము. తమిళమున కిరయ పత్తిరమనియు, మనము క్రయపత్రమనియు పిలుచు దస్తావేజులో ఫలకములెన్ని, వాని శక్తి ఎంత, ఇన్వర్టరు ఏది, క్రమసంఖ్యలేవి యని స్పష్టముగా వ్రాయింపవలయును.

అదే చట్టములోని 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టుటకు వీలుకాని ముఖ్యలోపములను చెప్పవలయును. ఇందులో మన బాధ్యత కూడ కలదు. సామాన్యమైన జాగ్రత్తతో కనబడు లోపములను మనమే చూచుకొనవలయును. మిద్దె ఎక్కనివాడు పగిలిన గాజును గూర్చి తరువాత ఫిర్యాదు చేయుట కష్టము.

పాత కరెంటు బాకీల విషయమున మరింత మెలకువ కావలయును. నిబంధనలు అట్లున్న యెడల, పాత యజమాని బాకీని తీర్చిన గాని క్రొత్త యజమానికి కనెక్షను ఇయ్యమని విద్యుత్ సంస్థలు చెప్పవచ్చునని 2023 మే మాసమున సుప్రీమ్ కోర్టు తీర్పు చెప్పినది. కావున బయానా ఇచ్చుటకు ముందే బాకీ లేదని తెలుపు కాగితమును చూచుట మంచిది.

వెల కట్టు విధము

అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి యని సామెత. అమ్మువాడు తాను పెట్టిన ఖర్చును తలచుకొనును. కొనువాడు మాత్రము మిగిలిన ఉపయోగమును తలచుకొనవలయును.

మూడు కిలోవాట్ల వ్యవస్థ ఎనిమిదేండ్ల వయస్సు గలదనుకొందము. క్రొత్తలో దినమునకు 12 యూనిట్లిచ్చెను. ఫలకము శక్తి ఏటేట నూటికి ముప్పాతిక పాలునకు లోబడి తరుగుచుండును. ఏటికి 0.7 పాలు వంతున లెక్కించినచో ఎనిమిదేండ్లకు 5.6 పాళ్లు తగ్గి, దినమునకు సుమారు 11.3 యూనిట్లు మిగులును. అనగా సంవత్సరమునకు సుమారు 4,100 యూనిట్లు. ఫలకముల శక్తికి తయారీదారులు సామాన్యముగా 25 ఏండ్ల హామీ నిత్తురు గనుక ఇంకను పదునేడేండ్లు మిగిలినవి. ఇంతవరకు వార్త శుభమే. కాని ఇన్వర్టరు హామీ సామాన్యముగా అయిదు మొదలు పదేండ్ల వరకే యుండును. కావున ఎనిమిదేండ్ల వ్యవస్థను కొనువాడు త్వరలోనే క్రొత్త ఇన్వర్టరు కొనవలసివచ్చునని తలచి ఆ మొత్తమును వెలలో తగ్గింపవలయును. హామీ క్రొత్త యజమానికి సంక్రమించునా, అందుకు కంపెనీకి తెలియజేయవలయునా అనునది హామీపత్రములోనే చదువవలయును.

క్రొత్తదాని వెలతో పోల్చుట మరియొక మార్గము. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకములో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 50,000 రూపాయలు, మూడవదానికి 45,000 రూపాయలు ప్రమాణపు వెలగా నిర్ణయించిరి. మొత్తము 1,45,000 రూపాయలు. అందుకు సహాయధనము మొదటి రెండింటికి 30,000 వంతున, మూడవదానికి 18,000, వెరసి 78,000 రూపాయలు. తీసివేయగా ఇంటివానిపై పడునది 67,000 రూపాయలు. బజారు ధరలు దీనికంటె ఎక్కువగా నుండవచ్చును. అయినను, క్రొత్తదే ఈ మాత్రపు వెలకు దొరకు అవకాశము కల్పింపబడిన తరువాత, ఎనిమిదేండ్ల పాతదానికి రెండు లక్షలు కోరుట న్యాయమా యని అడుగుటకు మనకు ఆధారము దొరకినది. అయితే ఈ సహాయము ఇంతకు ముందు సౌరఫలకములకు సహాయము పొందని కుటుంబములకే యని పథకములో నియమము కలదు. కావున ఈ మిద్దెకు పూర్వము సహాయధనము అందినదా యని అమ్మువానిని అడిగి తెలిసికొనవలయును.

చివరగా మన అవసరమెంత? విద్యుత్తునకు రుసుము మెట్ల వరుసలో నుండును. వాడకము పెరిగిన కొలది ఒక్కొక్క యూనిట్టు వెలయు పెరుగును. మన రాష్ట్రమున 2016లో గృహములకు రెండు మాసములకు మొదటి 100 యూనిట్ల రుసుమును మినహాయించిరి. పెద్ద కుటుంబము, చల్లని గాలి యంత్రము, నీళ్ల మోటారు గలవారికి ఫలకములు పై మెట్లలోని హెచ్చు రుసుమును తప్పించును గనుక లాభమెక్కువ. రెండు మాసములకు 150 యూనిట్లు మాత్రమే వాడు చిన్న కుటుంబమునకు 680 యూనిట్లు పుట్టించు యంత్రమెందుకు? వారు తప్పించుకొను బిల్లు స్వల్పము. అట్టివారు ఫలకముల పేరిట లక్షలు పోసి ఆ లాభమును ఎన్నటికిని తిరిగి రాబట్టలేరు.

ఇంటిలో చదువరి ఎవరు?

విద్యార్థులారా! ఈ పని మీది కాదని తలపకుడు. మన యిండ్లలో తలిదండ్రులు కొందరు తెలుగు మాత్రమే చదువగలరు. కొందరు అదియు చదువలేరు. క్రయపత్రము తమిళమున నుండును. ఒడంబడికయు, హామీపత్రమును ఆంగ్లమున నుండును. ఈ మూడు భాషలను ఒక్కచోట చదువగలవారు ఆ యింట మీరే. మీరు తరగతిలో నేర్చిన శాతములు, త్రికోణమితి, విద్యుత్తు అను పాఠములు ఇచ్చట మీ కుటుంబపు కష్టార్జితమును కాపాడుటకు పనికి వచ్చును.

ఒక కాగితముపై ఈ యెనిమిది ప్రశ్నలను తెలుగులో వ్రాసి మీ నాయనగారికో, అమ్మగారికో ఇండు. ఫలకములు ఎవరివి? వాని వయస్సెంత? ఇన్వర్టరు ఎప్పటిది? మధ్యాహ్నమున ఎంత శక్తి ఇచ్చుచున్నది? ఏడాది బిల్లులెక్కడ? ఒడంబడిక తేదీ ఏది, అది మన పేరికి మారునా? అప్పును, బాకీయు తీరినవా? క్రయపత్రములో ఫలకముల సంఖ్య వ్రాసిరా? ఈ యెనిమిదింటికిని కాగితముతో సమాధానము వచ్చినచో ఇంటిని నిశ్చింతగా కొనవచ్చును. నోటిమాట మాత్రమే వచ్చినచో బయానాను మూటలోనే ఉంచుకొని, ఆ కాగితము వచ్చువరకు ఓపిక పట్టవలయును.

సూర్యుడు ఎవరికిని బిల్లు పంపడు. అతని వెలుతురును పట్టు యంత్రమునకు మాత్రము వెలయున్నది, వయస్సున్నది, పత్రమున్నది. ఆ మూటిని తెలిసికొని కొన్న యింట సౌరఫలకము చిరకాలము మేలు చేయును.